గౌరి పాటకు హేమ పెదవులు

లక్ష్మీనరసమ్మకు నచ్చినవాళ్ల పేర్లు రాయాలంటే అగ్గిపెట్టె మీద చోటు చాలు. నచ్చనివాళ్ల జాబితా మాత్రం రాజాం బస్టాండులో మొదలుపెడితే ఆమదాలవలస స్టేషను దాకా సాగుతుంది. పదహారో ఏట నాటకాల కంపెనీలో చేరి, ముప్పయ్యేళ్లు స్టేజీల మీద పాడి, గొంతుకు ఆపరేషను జరిగాక పాట పోయి మాట మిగిలిన మనిషి. ఆ మిగిలిన మాటతోనే ఊరందరినీ చెరిగి పెడుతూ ఉంటుంది.

అలాంటి మనిషిని రాజాంలో ఒక ప్రైవేటు హైస్కూలు ప్రిన్సిపాలు మురళీమోహన్ వెతుక్కుంటూ వచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు పాటల నాటకం నేర్పాలట. "యాన్యువల్ డేకి ఈసారి ఏదైనా డిఫరెంటుగా చేద్దాం మేడం" అన్నాడు. కిందటేడు ఆ స్కూలు పిల్లలు ముప్పయి మంది మెరుపుల బట్టలు వేసుకుని సినిమా పాటకు గెంతిన గెంతులు ఆవిడ చూసింది. గంగిరెద్దుకైనా అంతకంటే తాళం తెలుస్తుందని అప్పుడే అందరికీ వినపడేలా అంది కూడా.

మొదటి వారం పాటే లేదు. ఒక్కొక్కరూ ఒకే మాట అంటూ గ్రౌండు చుట్టూ నడవాలి, ఆయాసం మాటలో వినపడకూడదు. ఫోనుల్లో చూసి నేర్చుకున్న నడుం తిప్పుళ్లు, కళ్లార్పుళ్లు చేసినవాళ్లకు ఆ రోజు మూడినట్టే. "పాటని మోసుకుంటా నడవాలే. నువ్వాగినా పాట ఆగకూడదు. లేని మైకు కోసం మెడ సాపుతావేటి, అదేటి పాలసీసా?" అని కసిరేది. పిల్లలు నవ్వితే ఇంకోసారి నడిపించేది.

నాటకం కూడా ఆవిడే రాసింది. చేపల వేటకు వెళ్లిన మొగుడు తిరిగి రాకపోతే ఒక గంగపుత్రుల ఆడది తీరానికి వెళ్లి సముద్రంతో తగువు పెట్టుకుంటుంది. అంతే కథ. అందులో అసలు పాట, "ఉప్పునీళ్లు తాగి పెరిగినదాన్ని, నన్నేటి బెదిరిస్తావే సంద్రమా" అన్నది. దాన్ని ఆ పిల్లల్లో గౌరి ఎత్తుకుంది. గౌరి తల్లి కూర్మమ్మ తీరం ఊరి నుంచి వచ్చి రాజాంలో చేపలమ్ముతుంది. తల్లి పక్కన గంప దగ్గర నిలబడి ఆరేళ్ల వయసు నుంచీ కేకలేసిన గొంతు అది, మైకు లేకుండా వీధి చివరికి వెళుతుంది. పాటంతా విని లక్ష్మీనరసమ్మ "పర్లేదు" అంది. ఆవిడ నోట ఆ మాట రావడమంటే శాలువా కప్పినట్టే లెక్క.

వారం తిరక్కుండా మురళీమోహన్ వచ్చి, ఆ వేషం అదే తరగతిలోని హేమకివ్వాలన్నాడు. హేమ తాత గణపతిరావు ధాన్యం వ్యాపారి, స్టేజీ, షామియానా ఖర్చు ఆయనదే. హేమ మంచి పిల్లే, అందమైన పిల్లే. కానీ పాట ఎత్తుకుందంటే శృతి ఒక వీధిలో ఉంటుంది, హేమ ఇంకో వీధిలో ఉంటుంది. దానికీ మార్గం ఆలోచించాడు మహానుభావుడు. గౌరి చేత పాట రికార్డు చేయించి పెన్‌డ్రైవులో పెడతారు, హేమ పెదవులు కదుపుతుంది. "సినిమాల్లో జరిగేది అదేగా మేడం?" అన్నాడు.

ఈ మాటకు లక్ష్మీనరసమ్మ ఆయన దుమ్ము దులిపేసింది. ఇంటికెళ్లాక, గోడల ముందు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం "మీ ఇష్టమండి" అంది. పదకొండేళ్లుగా ఆవిణ్ణి ఎవరూ స్టేజీ ఎక్కమని పిలవలేదు మరి. ఊరందరి వెన్నెముకలూ తడిమి చూసే మనిషికి ఆ క్షణాన తన వెన్నెముక గుర్తు రాలేదు. గౌరికి ఆ కబురు చెప్పింది కూడా తనే.

"నీ గొంతే కదే ఇనిపిస్తాది. మొకం ఎవరిదైతే ఏటి?"

గౌరి, "నాను పాడతన్నానని మాయమ్మకి సెప్పీసినాను టీచరూ" అని మాత్రం అంది.

యాన్యువల్ డే నాడు సాయంత్రం ఐదింటికే జనం నిండిపోయారు. కూర్మమ్మ ఆ పూట బేరం మానుకుని, ఉతికిన చీర కట్టుకుని ఆఖరి వరసలో కూర్చుంది. ముందు సోఫాలో గణపతిరావు. తెర వెనక గౌరి స్కూలు యూనిఫారంలో, నాటకానికి కావలసిన తెడ్డూ వలా అందించడానికి నిలబడి ఉంది. స్టేజీ ఓరగా లక్ష్మీనరసమ్మ హార్మోనియం ముందు కూర్చుంది. తిత్తి లాగకుండా మెట్ల మీద ఉత్త వేళ్లు ఆడిస్తోంది. శృతి కూడా పెన్‌డ్రైవులోనే ఉంది కాబట్టి ఆవిడ పనీ హేమ పనిలాంటిదే.

పాట మొదలైంది. గోల చేస్తున్న పిల్లలు కూడా నోరు మూశారు. ఆఖరి వరసలో కూర్మమ్మ లేచి నిలబడి, కూతురి గొంతు వినపడుతోందే కానీ మనిషి ఎక్కడుందా అని స్టేజీ అంతా వెతుకుతోంది. గౌరి తెర సందులోంచి అది చూసింది.

పాట అయిపోగానే గణపతిరావు సోఫాలోంచి లేచాడు. "వన్స్ మోర్! నా మనవరాలు మల్లీ పాడాల!"

ఈ జిల్లాల్లో నాటకం చూసినవాళ్లెవరికైనా తెలుసు, వన్స్ మోర్ అన్నారంటే మళ్లీ పాడాల్సిందే. చచ్చి పడిపోయిన పాత్ర అయినా సరే లేచి, పాడి, మళ్లీ చావాలి. ముప్పయ్యేళ్లు అలా పాడిన లక్ష్మీనరసమ్మకు పెన్‌డ్రైవుకు ఒప్పుకున్నప్పుడు ఆ సంగతి తట్టలేదు. పెన్‌డ్రైవులో పాట దాటిపోయి, తర్వాతి సీనుకు పెట్టిన ఉరుముల చప్పుడు మొదలైంది. సౌండ్ సిస్టం అతను కంగారుగా వెనక్కి తిప్పితే "అడ్మిషన్లు జరుగుచున్నవి" అంటూ స్కూలు ప్రకటన గట్టిగా మోగింది. జనం గొల్లున నవ్వారు. హేమ కళ్లలో నీళ్లు తిరిగాయి.

లక్ష్మీనరసమ్మ గబుక్కున తెర వెనక్కి తల పెట్టింది. "గౌరీ, ఎత్తుకోవే. అక్కడ నుంచే పాడీ. ఆ పిల్ల అల్లరైపోతన్నాది." అలా అనమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

గౌరి ఆవిడ వైపు చూసింది. నచ్చనివాళ్లను ఆవిడ చూసే చూపు అది. "ఎనక నుంచి పాడను టీచరూ" అని, యూనిఫారంతోనే స్టేజీ మీదకు నడిచి హేమ పక్కన నిలబడింది.

"ఇది నాను పాడిన పాట. మాయమ్మ వచ్చినాది, మల్లీ పాడతాను" అంది మైకులో. తర్వాత పక్కకు తిరిగి, "శృతి ఇయ్యండి టీచరూ" అంది.

కింద నుంచి మురళీమోహన్ వద్దు వద్దని చేతులూపుతున్నాడు. లక్ష్మీనరసమ్మ తిత్తి లాగింది. గౌరి తెడ్డు పట్టుకుని స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ పాడింది, ఎక్కడా ఆయాసం వినపడలేదు. గండం గడిచిన హేమ ఓ మూల కూర్చుని బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది. లేచిన గణపతిరావు తిరిగి సోఫాలో కూర్చున్నాడు. ఈసారి వన్స్ మోర్ వెనక వరసల నుంచి వచ్చింది, రెండు సార్లు.

కార్యక్రమం అవగానే "రేపట్నుంచి రావద్దు మేడం" అన్నాడు మురళీమోహన్. ఆవిడకది చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. ఆవిడ గౌరి కోసం వెతుకుతోంది. బాగా పాడావనే మాట జన్మలో ఒక్కరితోనూ అనలేదు, ఈ పిల్లతో అనాలని ఉంది. గేటు దగ్గర తల్లితో కనిపిస్తే వెళ్లి అనేసింది కూడా.

గౌరి తలూపింది. "మొకం ఎవరిదైతే ఏటని ఆ సారు అనలేదు టీచరూ. మీరే అన్నారు."

"ఒసే, టీచర్ని అలగంటారేటి?" అని కూర్మమ్మ కూతుర్ని గదిమింది.

లక్ష్మీనరసమ్మ నోరు తెరిచింది. ఆ మిగిలిన మాట కూడా రాలేదు. ఆటో వస్తే తల్లీ కూతుళ్లు ఎక్కి వెళ్లిపోయారు.