అక్క పలచగా పోసిన కొర్రలు

మా ఈరమ్మక్క మీద నాకున్న అసూయ గురించి ఆమె బతికుండగానే చెప్పుకోవాలి... అందుకే ఈ రోజు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట. నేను ఎమ్మిగనూరులో ఏడో తరగతి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని. అక్క బడి మెట్టెక్కలేదు. విత్తే రోజు గొర్రు వెనక నడుస్తూ, దాని మీది చెక్క గిన్నెలో, అదే జడ్డిగంలో, గింజలు పోసేది.

ఆ ఏడు తొలి వాన పడింది. నేను క్యాలెండర్ చూసి, "మృగశిర వచ్చేసింది నాయనా, కొర్ర విత్తాల" అన్నాను.

అక్క మట్టిలో చెయ్యి పెట్టి చూసింది. "పైపైనే తడిసింది నాయనా. జానెడు లోపల పొడే. మునుపటి మాదిరి కాదు, రెండేండ్లుగా ముందు వాన మోసం సేస్తాంది."

"క్యాలెండర్లో ఉంది!"

"అట్లయితే క్యాలెండర్లోనే ఇత్తు పాపా!"

"సదువుకున్న పాప సెప్తాంది. నువ్వూరుకోమ్మే" అన్నాడు నాయన. ఆ రోజు నేను నేల మీద నడవలేదు...

మొలకలొచ్చాయి. మళ్ళీ చినుకు లేదు. అన్నీ మాడిపోయాయి. ఉన్న విత్తనమంతా పోయిందని నాయన తల పట్టుకున్నాడు.

అక్క లోపలి నుంచి ఒక మూట తెచ్చింది.

"ఇది యాడిదే?"

"పల్చగా పోసినా నాయనా. సగం ఒళ్ళో దాసినా. కోప్పడొద్దు."

"ఓసి దొంగదానా!" అని నాయన పెద్దగా నవ్వినాడు. కళ్ళలో నీళ్ళు.

"దొంగతనమే కదా!" అన్నాను నేను. విననట్టే ఆయన గింజలు తడుముతూ కూర్చున్నాడు.

ఆశ్లేషలో మంచి వాన పడింది. ఆ మూట విత్తి, ఆ పంటతోనే ఆ ఏడు గింజలు తిన్నాం. అప్పటి నుంచి తొలి వానకు సగమే విత్తేవాళ్ళం, నడుమ కంది సాళ్ళు పెట్టేవాళ్ళం. అంతా అక్క చెప్పినట్టే. నేను ఫస్టు వచ్చినా నాయన తలూపి, "ఏమ్మే ఈరమ్మా, ఇత్తేదానికి నేల్లో పదునుందా?" అని అటు తిరిగేవాడు. ఎంత కుళ్ళుకున్నానో... ఇప్పటికీ కుళ్ళే.

ఇప్పుడు మా చేన్లో ట్రాక్టరే విత్తుతుంది. దానికి పలచగా పోసే చెయ్యి లేదు, దాచే ఒడి లేదు... వానలు మాత్రం ఇంకా మోసం చేస్తూనే ఉన్నాయి.

మీ ఇంట్లో ఇట్లా విత్తనం కాపాడిన ఆడవాళ్ళుంటే ఈ నెల ఇరవైలోపు కింద రాయండి. ఇరవై ఒకటిన అక్క దగ్గరికి పోతున్నాను. అన్నీ చదివి వినిపిస్తాను... ఆ ఒక్క పనికే ఆమెకు నేను కావాలి.