మాస్టారి రాగి తీగ

కోఆర్డినేటర్ అంటే ఏం చేస్తారని మా అత్తగారు అడిగితే, "నలుగురు శాస్త్రవేత్తల్ని ఒక మాట మీదికి తేవడం అండీ" అన్నాను. "పెళ్లిళ్ల పేరయ్య పనే అన్నమాట" అందావిడ. కాదనలేకపోయాను.

నేను చీరాలలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మిగిలిన సమయమంతా ఒక ప్రోగ్రామ్ చుట్టూ చేరిన మనుషుల్ని కూడగట్టడంతో సరిపోతుంది. కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించక్కర్లేకుండా, బ్రౌజర్‌లోనే ప్రోటీన్ల వంటి అణువుల బొమ్మల్ని తెరిచి ఎటు కావాలంటే అటు తిప్పి చూసే ప్రోగ్రామ్ అది. రాసేవాళ్లు, వాడేవాళ్లు, తప్పులు పట్టేవాళ్లు తలో ఊళ్లో ఉన్నారు. జీతం ఎవరికీ లేదు, కోపం మాత్రం అందరికీ ఉంది. నాకు ఇంకాస్త ఎక్కువ.

మా అందరికీ పెద్దదిక్కు గుంటూరులో ఉండే మాస్టారు, రిటైరైన ప్రొఫెసర్. ఆయన ఇల్లు మిర్చి యార్డు దగ్గర. సీజన్లో మైకు ఆన్ చేస్తే ముందు దగ్గు వినిపిస్తుంది, తరవాత ఆయన. మాలో సగం మందిమి ఆయన దగ్గర చదువుకున్నవాళ్లమే. అందరికంటే చిన్నది వేటపాలెం అమ్మాయి. చంటిపిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని, కొత్త వెర్షన్‌లో బొమ్మ గీసే భాగమంతా తనే రాసింది. పాత వెర్షన్ మా కాలేజీ కంప్యూటర్లలో తెరుచుకునేలోపు పీరియడ్ అయిపోయేది. కొత్తది చిటికెలో వస్తోంది. దాన్ని నమ్ముకునే మా కాలేజీలో శనివారం చుట్టుపక్కల లెక్చరర్లకు వర్క్‌షాప్ పెట్టాను.

దానికి ముందు సోమవారం వీడియో మీటింగులో ఆ అమ్మాయి ఒక ప్రోటీన్ మెలికను తెరమీద చూపించింది. ఈ మెలిక మామూలు మరమేకులా కుడివైపు తిరగాలి. ఎడమకు తిరిగితే బొమ్మే తప్పు. క్లాసులో చూపించడానికి మాస్టారు అప్పడాల కర్రకు రాగి తీగ చుట్టి చేసుకున్న మెలిక ఒకటుంది. దాన్ని కెమెరా ముందు పెట్టి, తెర కేసి చూసి, దగ్గి, అరిచారు.

"ఇదేంటమ్మా! నా తీగ ఒకవైపు తిరిగింది, నీ బొమ్మ ఇంకోవైపు తిరిగింది. నా తీగ నువ్వు పుట్టకముందు నుంచీ కరెక్టు. నీ ప్రోగ్రామే అంతా తిరగబడింది. కనిపించట్లా మీకు?"

మాకు రెండూ ఒకేవైపు తిరిగి ఉన్నాయి, అచ్చు గుద్దినట్టు. కానీ అడిగింది మాస్టారు. పుణెలో ఉండే తెనాలి ఆయన "కొంచెం తేడా ఉన్నట్టే ఉంది సార్" అన్నాడు. జర్మనీ ఆయనకు తెలుగు రాదు. అందరూ తలలూపుతున్నారని తనూ ఊపాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని "అవునండీ, తేడాగానే ఉంది" అన్నాను. ఆ అమ్మాయి మాత్రం తన బొమ్మను మరోసారి తిప్పి చూసుకుని, "సరిచేస్తాను సార్" అంది.

మర్నాటికల్లా చేసేసింది. అంటే, సరిగ్గా ఉన్నదాన్ని తిప్పేసింది. మా ప్రోగ్రామ్‌లో తెరిచిన ప్రోటీనల్లా ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. దాంతోపాటు నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "మేడమ్, శనివారం అయ్యాక గ్రూపులోంచి తప్పుకుంటానండి. ఇంత చిన్న విషయం కనిపెట్టలేనిదాన్ని, నాకెందుకండీ ఈ పని." చదివాక నాకు ఒళ్లు మండింది. ఎవరిమీదో తేల్చుకోలేక మా ఆయన మీద అరిచాను.

గురువారం వర్క్‌షాప్ బ్యానర్ వచ్చింది. వీడియోలో ఎలా ఉంటుందో చూద్దామని, పక్క గదిలో ఉన్న మా ఆయనకు కాల్ చేసి ల్యాప్‌టాప్ ముందు పట్టుకున్నాను. నా తెరమీద అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ప్రింటింగ్ వాణ్ణి నాలుగు తిట్టి బ్యానర్ తిప్పి చూస్తే, అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. "చక్కగా ఉందిగా, చదువుతున్నా" అన్నారు ఆయన అవతలినుంచి. అప్పుడు వెలిగింది. వీడియోలో ఎవరి బొమ్మ వాళ్లకు అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది, అవతలివాళ్లకు మామూలుగానే వెళ్తుంది. మాస్టారు సోమవారం చూసింది అద్దంలో తీగను.

తెలిసింది సరే, చెప్పేదెవరు? "మాస్టారూ, మీరు పొరపాటుపడ్డారు" అన్న మాట మాలో ఎవరి నోటా ఎన్నడూ రాలేదు. ఫోన్ చేసి, ఆయన దగ్గు గురించీ మనవరాలి ర్యాంకు గురించీ కనుక్కుని పెట్టేశాను. చివరికి శుక్రవారం మీటింగులో ఒక ఉపాయం పన్నాను.

"సార్, ఆహ్వానపత్రిక మీ చేతులమీదుగా అందరికీ చూపిస్తే బావుంటుందండి."

ఆయన మురిసిపోయి కార్డు కెమెరా ముందు పెట్టారు. వెంటనే మొహం మాడింది.

"ఏంటమ్మా, తిరగేసి అచ్చేశారు?"

"మాకు బాగానే కనిపిస్తోందండి."

ఆయన కార్డు చూశారు, తెర చూశారు. పక్కనుంచి రాగి తీగ తీసి పెట్టారు, దించారు, మళ్లీ పెట్టారు. ఆ కాసేపూ దగ్గు కూడా రాలేదు. వెనకనుంచి వాళ్లావిడ గొంతు వినబడింది: "రోజూ అందులో చూసుకునేగా తల దువ్వుకుంటారు, అది అద్దమని ఇన్నాళ్లూ తెలియలా?"

మేమంతా గబగబా మైకులు ఆపేసి నవ్వుకున్నాం.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు, "సోమవారం నీకు రెండూ ఒకేలా కనిపించాయా?"

"కనిపించాయి సార్."

"మరి చెప్పలేదేం?"

ఆ అమ్మాయి ఒళ్లో పిల్లాణ్ణి సర్దుకుంది. "మీరన్నాక నా కళ్లే తప్పనుకున్నానండి."

ఆయన రాగి తీగను తీసి పక్కన పెట్టేశారు. ఈసారి దగ్గు నాకొచ్చింది. మిర్చి ఘాటు చీరాల దాకా రాదు మరి.

"ముందు నువ్వు రాసిందే మళ్లీ పెట్టెయ్యమ్మా," అన్నారు చివరికి. "రేపు నా బదులు నువ్వే చెప్పు. నేను కింద అందరితో కూర్చుంటా."

శనివారం ఆ అమ్మాయి పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, ప్రోటీన్లను కుడివైపుకే తిప్పి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆఖర్న రెండు మాటలు చెప్పమంటే మాస్టారు లేచి, తెరమీద ఒక ఎర్ర ఉండను చూపించి, ఈ నైట్రోజన్ ఉంది చూశారూ, అని మొదలుపెట్టారు. కావాలనే అన్నారో, నిజంగానే పొరబడ్డారో నేనిప్పటికీ అడగలేదు.

"సార్, తప్పండి," అంది ఆ అమ్మాయి అందరిముందూ. "అది ఆక్సిజన్. నైట్రోజన్ నీలం."

హాల్లో తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. మాస్టారు మెల్లగా నావైపు తిరిగారు.

"కోఆర్డినేటర్ గారూ, మీకెలా కనిపిస్తోంది?"

పిల్లాడు నా కళ్లద్దాలు ఎప్పుడో లాక్కున్నాడు. తుడుచుకోవడానికి కూడా లేవు. "తప్పేనండీ" అన్నాను.