మా వాకిట్లో నీళ్ళ బ్యాటరీ

ఎనభైల్లో ఒక ఎండాకాలం, హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనక వాకిట్లోకి రెండు నీలం డ్రమ్ములు వచ్చాయి. నాకు సవతి లేదన్న లోటు ఆ రోజుతో తీరింది.

మా ఆయన సర్కారు ల్యాబులో టెక్నీషియన్. అక్కడ తయారవుతున్న నీళ్ళ బ్యాటరీని ఇంట్లోనూ కట్టి చూడాలని ఆయన పంతం. ఒక డ్రమ్ములో ఇనుము కరిగించిన నీళ్ళు, ఇంకోదాంట్లో క్రోమియం కరిగించిన నీళ్ళు. చిన్న మోటార్లు ఆ రెంటినీ కలవనీయకుండా మధ్యలోని పెట్టె గుండా తిప్పుతాయి. మేడ మీది సోలార్ పలక పగలంతా ఇచ్చిన కరెంటు ఆ నీళ్ళలో నిలవుంటుంది, చీకటి పడ్డాక బల్బు వెలుగుతుంది. గొప్పే, కాదనను. కానీ ఇంటికొచ్చి "తిన్నవా" అని నన్ను అడగని మనిషి, చెప్పులైనా విడవకుండా వెళ్ళి ఆ మోటార్ల చప్పుడు వినేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

గోడ అవతలి ఆపా నవ్వేది. "క్యా భాభీ, సౌకన్ కైసీ హై?" సవతి ఎలా ఉందని!

దసరా వచ్చింది. ఏటా మా ఆయన జమ్మి ఆకు తెచ్చి, బంగారమని మొదట నా చేతిలోనే పెట్టేవాడు. ఈసారి అదీ పోతుందేమోనని నాకు గుబులు. ఆ ఒక్కరోజైనా ఆయన్ని వాటికి దూరంగా ఉంచాలని, పొద్దున్నే డ్రమ్ములకూ మోటార్లకూ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, ఆయుధపూజ కానిచ్చేశాను. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు వాడకూడదు కదా.

"ఇయ్యాల దాన్ని ముట్టొద్దు" అన్నాను.

"ముట్టను తియ్" అంటూ పీట వేసుకుని వాటి ముందే కూర్చున్నాడు. "చూడొద్దనలే గద!"

కొత్త చీర కట్టుకుని ఆయన ముందు నుంచి నడిచాను.

"జర పక్కకు జరుగు, పైపు కనబడ్తలే."

సాయంత్రం జమ్మికి వెళ్ళొచ్చాడు. గడపలో హారతి పళ్ళెంతో నిలబడ్డాను. హారతి కళ్ళకద్దుకుని, నన్ను దాటి వాకిట్లోకి నడిచి, డ్రమ్ముల మూతల మీద ఆకులు పెట్టి దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చి మిగిలినవి నా చేతిలో పెట్టాడు.

వెళ్ళి మూతల మీది ఆకులు తీసి కొప్పులో దోపుకున్నాను.

"అరె, గది దాని బంగారం! నీది నీకిచ్చిన గదనే!" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.