టెక్కలి దాటాక ఎక్కడో

నాన్న పోయిన పదకొండో రోజు సముద్రం ఒడ్డున కర్మ చేయిస్తూ పంతులుగారు మూడు తరాల పేర్లు అడిగారు. నాన్న పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. "తాతగారి తండ్రి?" అన్నారు. తెలీదన్నాను. "పోనీ, నాన్నమ్మగారి పేరు?" అదీ తెలీదు. "పర్వాలేదు బాబూ, పేరు తెలియనివాళ్లకూ విధానం ఉంది" అని ఆయన మంత్రం అందుకున్నారు. జాలరిపేట వైపు పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. నువ్వులూ నీళ్లూ వేళ్ల సందుల్లోంచి జారుతుంటే, ఎవరికి వదులుతున్నానో నాకే తెలియడం లేదని ఏడుపొచ్చింది.

మాది గాజువాక. నేను ట్రైలర్ నడుపుతాను. స్టీలు యార్డులో ఇనుప ఊచలు ఎక్కించుకుని బరంపురం వెళ్లి దించి, చాలాసార్లు ఖాళీ బండితోనే తిరిగొస్తాను. ఒకప్పుడు పక్కన క్లీనర్ ఉండేవాడు. ఇప్పుడు ఒక్కణ్ణే.

నాన్నకు తన పుట్టుక గురించి తెలిసింది చాలా తక్కువ. తల్లి పోయాక తాత ఆయన్ని భుజాన వేసుకుని పోర్టులో కళాసీ పనికి వైజాగ్ వచ్చాడు. రెండేళ్లు తిరక్కుండానే విషజ్వరంతో పోయాడు. పక్కపాకలో ఉండే మరో కళాసీ, ఆయన భార్య కలిసి నాన్నను పెంచారు. ఊరు టెక్కలి దాటాక ఎక్కడో అని మాత్రమే వాళ్లకు తెలుసు. నాన్నకైతే ఇంటి ముందు నుంచి రైలు కనిపించేదనీ, గాలి మళ్లితే సముద్రం హోరు వినిపించేదనీ గుర్తు. వెళ్లి వెతుకుదామని నేనెప్పుడైనా అంటే, "ఎవులున్నార్రా అక్కడ" అనేసి అటు తిరిగి పడుకునేవాడు.

కర్మలన్నీ అయ్యాక మళ్లీ బండెక్కాను. బరంపురం నుంచి ఖాళీగా వచ్చేటప్పుడు, సోంపేట దాటిన దగ్గర్నుంచి ఒక్కో ట్రిప్పుకి ఒక్కో ఊరు చూడటం మొదలుపెట్టాను. అంత పొడుగు బండి ఊళ్లోకి పోదు. హైవే మీద ఏ దాబా ముందో పెట్టేసి, ఆటో దొరికితే ఆటోలో, లేకపోతే కాలినడకన వెళ్లేవాణ్ణి. మా ఇంటిపేరూ తాత పేరూ చెప్పగానే జనం అనుమానంగా చూసేవాళ్లు. "భూమి తగువేటైనా ఉందేటి?" అని అడిగేవాళ్లు. లేదన్నా నమ్మేవాళ్లు కాదు. మా ఆవిడ కూడా, "దొరికినా ఆయన లేడు కదా, ఇంకెందుకు?" అంది. కానీ ఆపలేకపోయాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఊళ్లో టీ కొట్టతను నా మాట పూర్తిగా విన్నాడు. "ఆ ఇంటిపేరోల్లు ఇప్పుడెవులూ నేరు బాబూ. ఆ ఇంటి ఆడకూతురొకాయమ్మ ఉంది, ముసల్ది. మొగుడు పోనాడు, పిల్లల్నేరు" అని ఇల్లు చూపించాడు. ఆ వీధిలోకి తిరుగుతుంటే జీడితోటల అవతల రైలు పోవడం కనిపించింది. అది పోయేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చాటలో జీడిపప్పుకు పొట్టు తీస్తోంది. ఎవరు నువ్వని అడిగితే ఇంటిపేరు, తాత పేరు చెప్పాను. చాట పక్కన పెట్టింది.

"అది మా అయ్య పేరు. ఆయనకి నువ్వేటవుతావు?"

"మనవణ్ణి. కొడుకు కొడుకుని."

"మా తమ్ముడి కొడుకువా?" లేవబోయి మళ్లీ కూలబడింది. నా వెనక వీధిలోకి తొంగి చూసింది. "సిన్నోడేడీ? బండిలో ఉండిపోనాడా? దిగమను."

ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నాన్న పోయాడత్తా. ఇంకా ఏడాది కాలేదు."

ఆవిడ ఏడవలేదు. "మరి మా అయ్య?" అంది. వైజాగ్ వచ్చిన రెండేళ్లకే జ్వరంతో పోయాడని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. తల అటూ ఇటూ ఊపుతూ, గొంతు పైకి రాకుండా ఏడ్చింది.

"నన్ను ఈ ఊల్లోనే అమ్మమ్మ కాడ వొగ్గీసి, మల్లొచ్చి తీసుకెల్తానన్నాడు బాబూ. రానేదు. మగబిడ్డని అట్టుకెల్పోయి ఆడబిడ్డనొగ్గీసినాడని ఊరంతా అంది. నానూ అదే అనుకున్నాను. ఇన్నేల్లూ తిట్టుకున్నాను. సచ్చిపోనోణ్ణి తిట్టుకున్నాను."

తర్వాత నాన్నమ్మ పేరు, ముత్తాత పేరు ఆవిడే చెప్పింది. వాటికోసమే అన్ని ఊళ్లు తిరిగాను గానీ, అప్పుడవి నా చెవికెక్కనే లేదు. ఎందుకంటే ఆ వెంటనే ఆవిడ, "నన్ను అప్పా అని పిలిచీవోడు. నా కొంగొదిలీవోడే కాదు" అంది.

అప్పంటే అక్క; మా ఇంట్లో మాత్రం అందరం అక్క అనే అంటాం. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో నాన్న "అప్ప... అప్ప..." అని గొణిగేవాడు. సింహాద్రి అప్పన్నను తలుచుకుంటున్నాడని మేమంతా అనుకున్నాం. మా ఆవిడ కొండకెళ్లి ప్రసాదం తెచ్చి నాలుక్కి రాసింది. ఆయన మింగలేదు. ఆ సంగతి అత్తకు చెప్పాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి చెప్పాను.

ఫోన్లో నాన్న ఫొటో చూపించాను. "ముసిలోడైపోనాడు" అని బుగ్గ తడమబోయింది. వేలు తగిలి ఫొటో పక్కకు జరిగిపోయింది. "ఎల్పోనాడు" అంది కంగారుగా.

తమ్ముడున్న ఇల్లు చూస్తానని ఆ రోజే నాతో బయల్దేరింది. టీ కొట్టతనూ నేనూ చెరోవైపు పట్టుకుని క్యాబిన్లోకి ఎక్కించాం. దారంతా రోడ్డు కేసే చూసింది. "అయ్య సిన్నోణ్నెత్తుకుని ఇంత దూరం ఎల్లాడేటి?" అని అడిగింది. రైల్లో వచ్చుంటాడని చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు.

ఇంటికొచ్చాక నాన్న చొక్కాలు చూపిస్తే ఒక్కోటీ విప్పి, మళ్లీ మడత పెట్టింది. తెల్లారాక అస్థికలు కలిపిన చోటికి తీసుకెళ్లాను. చీర తడుస్తున్నా నీళ్లలోకి నడిచి, "ఒరే సిన్నోడా, అప్పనొచ్చాన్రా" అని పిలిచింది. చేపలమ్ముకునే ఆడవాళ్లు తిరిగి చూశారు. మోకాళ్ల దాకా నీళ్లొచ్చాక నేనే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మాతోనే ఉండిపొమ్మని నేనూ మా ఆవిడా బతిమాలాం. "అయ్యొత్తే ఇల్లెతుక్కుంటాడని ఆ ఊరొదల్నేదు బాబూ. ఇప్పుడు ఇంకోచోట ఉండ్నేను" అంది. తర్వాతి లోడుతో వెళ్తూ ఆవిణ్ణి దింపి, టీ కొట్టతనికి నా నంబరిచ్చాను.

వానాకాలం దాటకుండానే అత్త పోయింది. టీ కొట్టతను ఫోన్ చేసినప్పుడు లోడుతో శ్రీకాకుళం దగ్గర ఉన్నాను. వెళ్లేసరికి పాడె కట్టేసి, కొరివి ఎవరు పెట్టాలని మాట్లాడుకుంటున్నారు. నేను పెడతానన్నాను. ఎవరూ కాదనలేదు. వాన తెరిపిచ్చిన వేళలో అంతా ముగిసింది. బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టలతోనే హైవే దాకా నడిచి బండెక్కాను. ఊచలు ఇంకా బరంపురంలో దించాల్సి ఉంది.