గూగుల్‌కు కనిపించని లాడ్జి

సాతంరాయిలో విమాన ప్రయాణికులకు గదులు కిరాయికిచ్చే అండాలమ్మ, తాళంచెవి చేతిలో పెట్టే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతుంది: "గూగుల్ల జూసి వచ్చిండ్రా?" అందరూ బోర్డు చూసి వచ్చామనే అంటారు. అయినా కొంగుతో ఫోను తుడిచి, తమ్ముడి వరసైన వీరేందర్ చేసిన వెబ్‌సైట్‌ను మురిపెంగా చూపిస్తుంది. ఓరోజు ఝాన్సీ అనే ప్రయాణికురాలు ఆ లాడ్జి కోసం గూగుల్‌లో వెతికి చూసింది. "మీ పేజీ మనం తెరిచాకే ఫోనులో తయారవుతుందండీ. గూగుల్‌కు ఖాళీ కాగితంలా కనిపిస్తుంది. ఎదురు లాడ్జి వాళ్లది ముందే రాసిపెట్టి ఉంది, అందుకే పైన వస్తోంది." "ఆ ఎదురోళ్లది ఎవలు చేసిండ్రు బిడ్డా?" ఝాన్సీ ఎదురు లాడ్జి పేజీ అడుగున ఉన్న పేరు చదివింది. వీరేందర్. "అంటే మంచిగ చేసుడు వానికి ఎర్కనే," అంది అండాలమ్మ మెల్లగా. సాయంత్రం వీరేందర్ "అక్కా, జర చాయ్" అంటూ ఎప్పటిలాగే వంటింట్లోకి నడవబోయాడు. ఆమె అడ్డంగా నిలబడి, బయట ప్రయాణికుల కుర్చీ చూపించింది. "కూసోండి సారూ, తెస్త."