జత కట్టించే వలి

ఆత్మకూరులో రవికలు కుట్టే హజరత్ వలికి రెండు పనులు వచ్చు. ఒకటి కుట్టుపని, రెండోది లాల్ పిట్టలకు జత కట్టించడం. రెండోదాంట్లో తనను మించినవాడు కర్నూలు దాకా లేడని ఆయన నమ్మకం. ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదిలేవాడు కాదు.

బొటనవేలంత పిట్టలవి. వానాకాలం వస్తే మగవాటికి ఒళ్లు ఎరుపెక్కి, పైన తెల్లచుక్కలు తేలతాయి.

కర్నూలు రాజధాని అయిన ఏడాది వలికి ఒకటే దిగులు పట్టుకుంది. సుల్తాన్ అనే మగపిట్ట ముసలిదైపోతోంది. దాని పాట చివర ఒక విరుపు ఉంది. పైకి లేచి, ఆగి, మెల్లగా జారుతుంది. పిల్లలు ఆ పాటను తండ్రి దగ్గరే నేర్వాలి. సుల్తాన్‌కు ఒక్క పిల్లా లేదు. అది పోతే పాటా పోతుంది.

తప్పు దాని జతగా ఉన్న ఆడపిట్టదేనని వలి తేల్చేశాడు. అడవిలో పట్టినప్పుడు, పిట్టల కోసం కొమ్మలకు పూసే జిగురంటి దానికో కన్ను పోయింది. దాన్ని పక్క పంజరంలోకి మార్చి, కళగా ఉన్న కొత్త పెట్టను తెచ్చాడు. సుల్తాన్ దానివైపు చూడనైనా లేదు. రెండోదాన్ని పొడిచి తరిమింది. మూడోది వచ్చాక పాడటమే మానేసింది.

"ఆ ఒంటికంటిదాన్ని ఇంకా యాల సాకుతాండావు? కొర్రలు దండగ," అన్నాడు పక్క అంగడి శేషన్న.

"రేపు అడవి దగ్గర ఇడిచిపెడతాలేప్పా."

గూటి కోసం సుల్తాన్ పంజరంలో ఎర్రదారం ముక్కలు వేశాడు వలి. పంపేసేదానికి గూడెందుకని ఒంటికంటిదానికి వేయలేదు. మర్నాడు పొద్దున్నే చూస్తే, దాని పంజరం మూలన ఎర్రదారాలు గుండ్రంగా చుట్టి ఉన్నాయి!

"నువ్వేసినావా?" అని భార్య మదార్ బీని అడిగాడు.

"నాకేం పని? వండేదానికే పొద్దు చాల్లేదు."

వలి కుట్టుమిషను వెనక నక్కి కూర్చున్నాడు. కాసేపటికి సుల్తాన్ రెండు పంజరాలు ఆనుకున్న చోటికి వచ్చింది. తల వంచి, ఎగిరెగిరి, ఎన్నాళ్లుగానో మానేసిన పాట పాడింది. తర్వాత ఒక పోగును పుల్లల సందులోంచి తోసింది. అవతల ఒంటికంటిది మెడ తిప్పి, కనిపించే కంటితో చూసి, కొస అందుకుంది.

వలి మిషను వెనక నుంచి లేచాడు. ఇంత ప్రాణంలో అంత గురుతా? కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముప్పై ఏండ్లు జతలు నేను కట్టిస్తాండానని అనుకుంటి గదే!"

"నువ్వు కత్తిరించింది అవి కుట్టుకుంటాండాయి చూడు," అంది మదార్ బీ.

మూడోదాన్ని తీసేసి, రెండు పంజరాల తలుపులూ ఎదురెదురుగా ఆనించి తీశాడు. తెల్లటి గుడ్లు నాలుగు, బతికిన పిల్ల ఒకటి.

ఎండలు ముదిరాక సుల్తాన్ పోయింది. వారం పాటు అంగట్లో మిషను చప్పుడొక్కటే. ఎనిమిదోనాడు పంజరంలో ఒక సన్నగొంతు పైకి లేచింది. ఆగింది. కొంచెం తడబడి, మెల్లగా జారింది. ఒంటికంటిది జరిగి జరిగి పిల్ల పక్కన ఒదిగి కూర్చుంది.

ఆ తర్వాత జత కట్టించమని ఎవరొచ్చినా, "నాకు రాదప్పా" అనేవాడు వలి.