జానెడు లెన్సు

బోధన్‌లో పెళ్లి ఫోటోలు తీసే భూమేశ్ మెడలో జానెడు జూమ్ లెన్సు వేలాడుతుంది. "గిదొక్కటే సాలన్నా. మార్చుడు లేదు, దుమ్ము వడుడు లేదు, దూరమున్నది దగ్గరికే అస్తది," అంటాడు. నిజమే. అది కొన్నాక ఆయన కాళ్లకు పని తప్పింది. కూలరు ముందు కుర్చీ వేసుకుని, తలంబ్రాలనూ ఏడుపులనూ అక్కడినుంచే లాగుతాడు.

కోటగిరిలో ఒక పెళ్లికి ఈరవ్వ పట్టుచీర కట్టుకుని వచ్చి, పొద్దంతా నిటారుగా కూర్చుంది. తాను పోయాక దండ వేయడానికి ఒక మంచి ఫోటో కావాలి. ఫోటో తీసేవాడు దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని ముఖం సరిచేస్తాడని ఎదురుచూసింది. చివరికి తానే లేచి వెళ్లింది.

"నా ఫోటో ఎప్పుడు దీస్తవ్ బిడ్డా?"

"పది దీసిన గదవ్వా, గీడికెల్లే!" అన్నాడు భూమేశ్, కుర్చీలోంచి లేవకుండానే.

ఇప్పుడు గోడమీద, దండ మధ్యన, ఈరవ్వ ముఖంలో ప్రతి ముడతా స్పష్టంగా ఉంది. చూపు మాత్రం పక్కకుంది, ఫోటో తీసేవాడు ఇంకా రాలేదేమని.